తెర మీద మనం ఎక్కడున్నాం? – అమ్మతో చూసిన సినిమాల ముచ్చట



ఈసారి పోడు పట్టాల గురించి రాయట్లేదు. గ్రామసభ గురించి కూడా కాదు. సినిమాల గురించి రాస్తున్నా. "ఇన్ని సమస్యలుండగా సినిమా ముచ్చట్లేంటి" అని మీలో కొందరు అనుకుంటారు. నిజమే. కానీ ఒక్కసారి లెక్క వేసుకోండి. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. మన ఊళ్లలో దాన్ని చదివినవాళ్లు ఎంతమంది? పుష్ప చూసినవాళ్లు ఎంతమంది? ఇక బయటోళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండే మనిషికి ఆదివాసీ అంటే ఎవరో తెలిసేది చాలావరకు సినిమా చూసే. అందుకే ఇది కూడా మన సమస్యే అనుకుంటున్నా.

ముందే చెప్తున్నా, నాకు కెమెరా గురించి, ఎడిటింగ్ గురించి ఏమీ తెలీదు. ఏడాదికి ఒకటో రెండో థియేటర్లో చూస్తా. మిగతావి ఫోన్లోనో టీవీలోనో. పాట వస్తే కాలు ఆడిస్తా, ఫైట్ బాగుంటే ఈల కూడా వేస్తా. మామూలు ప్రేక్షకురాలిగా నాకు అనిపించిందే ఇక్కడ రాస్తున్నా.

మొదలు 2022 ఉగాది వారం నుంచి.

మాది చింతూరు వైపు. సినిమా చూడాలంటే భద్రాచలం పోవాలి. 2014లో మా మండలాలను ఆంధ్రలో కలిపేశారు, భద్రాచలం టౌను మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. అంటే మా ఇంట్లో సినిమాకి పోవడమంటే రాష్ట్రం దాటడమే! ఆరోజు అమ్మ ఇప్పపువ్వు అమ్మిన డబ్బులు కొంగున ముడేసుకుంది. అమ్మ, నాయన, తమ్ముడు, మా చిన్నమ్మ కూతురు, నేను, మొత్తం అయిదుగురం పొద్దున్నే బస్సెక్కాం. బస్సు చార్జీలు, టికెట్లు, హోటల్లో భోజనం, చిన్నదానికి ఐస్‌క్రీం అన్నీ కలిపి చూస్తే నాయన వారం కూలి అయిపోయింది. అయినా ఎవరికీ బాధ లేదు. ఎందుకంటే సినిమా ఆర్ఆర్ఆర్. కొమురం భీం తెర మీదకి వస్తున్నాడు. గోండు బిడ్డ. మన మనిషి. ఎన్టీఆర్ భీంగా వస్తున్నాడంటే మా తమ్ముడు రాత్రి నిద్రే పోలేదు.

సినిమా బాగుంది. అబద్ధం చెప్పను. పులితో తలపడే సీనుకి మా వరస మొత్తం లేచి నిలబడింది. కొరడా దెబ్బల పాటకి అమ్మ ఏడ్చింది. నాయన కూడా కళ్లు తుడుచుకున్నాడు, చీకట్లో ఎవరూ చూడలేదనుకున్నాడు.

తిరుగు బస్సు కోసం స్టాండులో కూర్చున్నాం. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక మాట అడిగింది.

"అంత పులితో కొట్లాడినోడు, అంతమంది తెల్లోళ్లని ఎదిరించినోడు, ఆఖరికి నాకు చదువు చెప్పు అని ఆ రామరాజునే అడిగాడేందే? మనోడికి ఏమీ తెల్దా?"

"సినిమాలేవే" అన్నాడు నాయన. నేను ఏమీ అనలేకపోయా. డిగ్రీ చదివిన దాన్ని నేను. బడికి పోని మా అమ్మకి తట్టిన ప్రశ్న నాకు తట్టలేదు.

ఆ ప్రశ్న పట్టుకుని తర్వాత చాలాసార్లు ఆ సినిమా గుర్తు చేసుకున్నా. మీరూ గుర్తు చేసుకోండి. రామ్‌ని పాము కరుస్తుంది. ఆ విషానికి మందు ఎవరికి తెలుసు? గోండులకే. మందు వేసి బతికించింది ఎవరు? భీం. చివర్లో నడవలేని రామ్ కాళ్లకి ఆకుపసరు వైద్యం చేసి నిలబెట్టింది ఎవరు? మళ్లీ భీమే. అడవిలో ఏ చెట్టు ఏ పనికొస్తుందో, ఏ జంతువు ఎట్లా కదులుతుందో అన్నీ తెలిసిన మనిషి భీం. కానీ సినిమా లెక్కలో అవేవీ చదువు కాదు. పుస్తకం ఉన్నవాడే చదువుకున్నవాడు. ప్రాణం పోసినవాడికి మాత్రం ఏమీ రాదు! జల్, జంగల్, జమీన్ అనే మన నినాదాన్ని కూడా రామ్ చేత్తోనే రాయించారు.

"అది కల్పిత కథ అని వాళ్లే చెప్పారు కదా" అంటారు కొందరు. అవును, కల్పితమే. రామరాజు 1924లోనే చనిపోయాడు. భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఇద్దరూ కలిసినట్టు చరిత్రలో ఎక్కడా లేదు. ఇంటికి దూరంగా తిరిగిన రోజుల్లో భీం చదవడం, రాయడం నేర్చుకున్నాడని, అస్సాం తేయాకు తోటల్లో పనిచేశాడని ఆయన కథ రాసినవాళ్లు చెప్తారు. నా బాధ ఏంటంటే, కల్పనలో ఏమైనా రాసుకోవచ్చు కదా. ఏమైనా రాసుకునే వీలున్నప్పుడు కూడా ఒకరిని గురువుగా, మనవాణ్ని శిష్యుడిగానే ఎందుకు ఊహించుకున్నారు?

ఇంకోటి. రామరాజు వెనక మన్యంలో పోరాడిన గాం గంటం దొర, మల్లు దొర ఆ మూడు గంటల సినిమాలో లేరు. ఆ మల్లు దొరే 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి గెలిచాడు. ఈ సంగతి మీలో ఎంతమందికి తెలుసు? నాకు డిగ్రీ అయిపోయాక తెలిసింది. మేం సినిమా చూసొచ్చిన ఆ వారంలోనే, 2022 ఏప్రిల్ 4న మా జిల్లాకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. సంతోషమే, ఆయన మన కోసం ప్రాణం ఇచ్చాడు. కానీ పక్కన నిలబడి ప్రాణం ఇచ్చినోళ్ల పేర్లు కూడా చెప్పుకోవాలి కదా!

మరుసటి ఏడాది మార్చిలో నాటు నాటు పాటకి ఆస్కార్ వచ్చింది. తెలుగోళ్లందరం గంతులేశాం, నేను కూడా. అదే వేదిక మీద ముదుమలై అడవిలో ఏనుగు పిల్లల్ని సాకిన కాట్టునాయకన్ దంపతుల మీద తీసిన డాక్యుమెంటరీకి కూడా ఆస్కార్ ఇచ్చారు. అంటే ఒకే రాత్రి రెండు బహుమతులు, రెండింటి వెనకా ఆదివాసులు ఉన్నారు. బహుమతి చేత్తో అందుకున్నవాళ్లలో మాత్రం ఒక్క ఆదివాసీ లేరు.

ఇదంతా పెద్ద పెద్ద మాటల్లా ఉందా? సరే, చిన్న సంగతి చెప్తా.

ఆరోజు మాతో వచ్చి ఐస్‌క్రీం తిన్న మా చిన్నమ్మ కూతురు టౌన్లో ఒక ప్రైవేటు బడిలో చదివేది. సినిమా మొదట్లో మల్లి అనే గోండు పిల్ల దొరసాని చేతి మీద బొమ్మలేస్తూ పాట పాడుతుంది. వాళ్లు నాణేలు పడేస్తారు. తల్లి అది పాటకి ఇచ్చిన బహుమానం అనుకుంటుంది. నిజానికి అది పిల్ల ఖరీదు! ఆ సీను చూసి థియేటర్లో జనమంతా కోపంతో ఊగిపోయారు. బడిలో పిల్లలు ఏం చేశారో తెలుసా? మా చెల్లి ముందు రెండు నాణేలు విసిరి "పాట పాడు మల్లీ" అన్నారట. రోజూ అదే పని. టీచరు కూడా నవ్వి ఊరుకుందట. ఆ నెలాఖరున నేను ఫోన్ చేస్తే చెల్లి నాతో అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"అక్కా, ఫోన్లో కోయ మాట్లాడకు. పక్కన పిల్లలున్నారు."

సినిమా తీసినవాళ్లు అట్లా చేయమని చెప్పలేదు. ఆ సీను దొరల దుర్మార్గం చూపించడానికే తీశారు. కానీ కోట్లమంది చూసే కథల్లో ఏళ్ల తరబడి మన పిల్ల కాపాడబడాల్సిన పిల్లగానే కనిపిస్తే, చూసినవాళ్లకి గుర్తుండేది ఆ నాణేలే. దానికి ముందు దశాబ్దాల పాటు కామెడీ సీన్లలో మొహానికి రంగు పూసి, నడుముకి ఆకులు కట్టి, "జింగాలాలా" అని గంతులేయించి మనల్ని చూపించారు. మా కాలేజీ ఫంక్షన్లో కూడా "ట్రైబల్ డ్యాన్స్" పేరుతో అదే వేశారు. హాల్లో కొమ్ము నృత్యం నేర్చుకున్న పిల్లలం ముగ్గురం ఉన్నాం. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పుష్ప. మా తమ్ముడు ఇప్పటికీ గడ్డం కింద చెయ్యి రుద్దుతూ తిరుగుతాడు. నాకూ పుష్పరాజ్ ఇష్టమే, కూలోడు ఓనరు ముందు కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఎవరికి నచ్చదు? ఇంకో ముచ్చట ఏంటంటే ఆ సినిమాలో అడవి చాలావరకు మన మారేడుమిల్లి అడవే. ఎర్రచందనం పెరిగేది శేషాచలంలో. షూటింగ్ మాత్రం మన దగ్గర. మన అడవి తెర మీద శేషాచలంగా నటించింది అన్నమాట.

కానీ అసలు శేషాచలంలో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2015 ఏప్రిల్ 7న 20 మంది కూలీలను పోలీసులు కాల్చి చంపారు. తమిళనాడు నుంచి చెట్లు నరకడానికి వచ్చిన పేదోళ్లు. వాళ్లలో పలువురు జవ్వాది కొండల వైపు ఆదివాసులు. అక్కడ కూలోడు సిండికేట్ లీడరు కాలేదు. శవమయ్యాడు. 2024 డిసెంబర్లో పుష్ప 2 బెనిఫిట్ షో టికెట్టు 800 రూపాయలు. ఆ కొండల కూలీ బతికున్నప్పుడు రోజంతా గొడ్డలి పట్టినా అంత దొరికేది కాదేమో.

2025 సెప్టెంబర్లో వచ్చిన ఘాటి మనకి ఇంకా దగ్గరి కథ. అనుష్క సినిమా. ఆంధ్రా ఒడిశా బోర్డరులో గంజాయి మోసే మనుషుల మీద తీశారు. మోసేది మనవాళ్లు, సంపాదించేది పైనున్నవాళ్లు అని సినిమా చెప్పింది. ఆ మాట వరకు శభాష్. కానీ తర్వాత అంతా స్లో మోషన్లో నరుకుడే. మిత్రులారా, ఇక్కడ మాత్రం కాస్త గట్టిగా చెప్తున్నా, ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లకి. గంజాయి 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష 10 ఏళ్లు. బెయిలు దొరకడం కూడా చాలా కష్టం. మా పక్క ఊరి పిల్లాడు ఒకడు ఒక్క ట్రిప్పు అని సంచి మోశాడు. వాళ్లమ్మ ఇప్పుడు జైలు ములాఖత్‌కి పోవడం కోసం కోళ్లు అమ్ముకుంటోంది. ఆ తల్లి రెండు బస్సులు మారి, గేటు దగ్గర ఆధార్ కార్డు చేత పట్టుకుని నిలబడే సీను ఏ సినిమాలోనూ రాలేదు.

మరి నచ్చిన సినిమాలే లేవా అంటారా? ఉన్నాయి.

జై భీమ్ 2021 నవంబర్లో నేరుగా ఫోన్లోకే వచ్చింది. థియేటర్ ఖర్చు లేదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి డౌన్‌లోడ్ చేసుకొచ్చి, చిన్న ఫోన్ని గోడకి ఆనించి ఇంట్లో అందరం చూశాం. తమిళనాడులో 1993 నాటి నిజమైన కేసు ఆధారంగా తీసింది. అక్కడ కూడా కాపాడేది ఒక లాయరే, ఒప్పుకుంటా. కానీ సినతల్లిని చూడండి. నిండు గర్భిణి. పోలీసులు జీపులో దింపుతాం ఎక్కు అంటే ఎక్కదు. తను నడుస్తుంది, జీపు వెనకాల వస్తుంది. రాజీ పడమంటే పడదు. లాయరు కోర్టులో గెలిచాడు నిజమే, కానీ కేసు నిలబడింది ఆమె మొండితనం వల్ల. చివర్లో ఆమె కూతురు లాయరు ఎదురుగా కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతుంది. ఆ పిల్ల ఎవర్నీ బతిమాలలేదు. అమ్మ ఆ సీను మళ్లీ పెట్టమంది. మూడుసార్లు చూసింది. నేను మా చెల్లిని పక్కకి పిలిచి ఆ ఒక్క సీను చూపించా.

ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం 2022 నవంబర్లో వచ్చింది. పెద్దగా ఆడలేదు. ఎలక్షన్ డ్యూటీకి వచ్చిన మాస్టారు అల్లరి నరేష్. ఆ ఊరోళ్లు వంతెన లేదు, బడి లేదు, ఆస్పత్రి లేదు, ఓటు వేయం అంటారు. మాకు అది సినిమాలా లేదు. డోలీలో గర్భిణిని మోసుకుపోవడం మన దగ్గర వార్త కూడా కాదు, మామూలు విషయం. "ఆ మాస్టారు రాకపోతే ఆ ఊరోళ్లకి ఆలోచన రాదా?" అని అమ్మ మళ్లీ అడిగింది. అడిగితే అడిగింది గానీ, మన సమస్య పేరు పెట్టి చెప్పినందుకు నాకు ఆ సినిమా మీద గౌరవం ఉంది.

కాంతార టీవీలో వచ్చినప్పుడు అమ్మ చేతులు జోడించి కూర్చుంది. కర్ణాటక తీరంలో వాళ్ల దైవం, వాళ్ల కోల. మనది కాదు. కానీ పూనకం, కొలుపు, అడవి తల్లి, ఇవన్నీ మనకి తెలిసినవే కదా. దైవాన్ని వెటకారం చేయకుండా చూపించారు. మనకి సంబంధించిన నమ్మకం తెర మీద తల ఎత్తుకుని నిలబడితే ఎంత ధైర్యమో! సినిమా అయిపోయాక మాత్రం నాయన నవ్వుతూ అన్నాడు: "ఆ ఫారెస్టాఫీసరు ఆఖర్లో మంచోడయ్యాడు. మనాయన ఎప్పుడవుతాడో."

ఇవన్నీ చూశాక మా ఇంట్లో ఒక అలవాటు వచ్చింది. ఏ సినిమా అయినా చూసొచ్చాక అమ్మ మూడు ప్రశ్నలు వేస్తుంది. మాటలు ఆమెవి, వరస నేను పెట్టా.

ఒకటి, కథలో మనోళ్లే మాట్లాడారా, లేక మన బదులు ఇంకెవరో మాట్లాడారా?

రెండు, మనకి తెలిసిన పనిని విద్యగా చూపించారా, వింతగా చూపించారా?

మూడు, ఆఖర్న గండం గట్టెక్కింది మన నిర్ణయంతోనా, ఎవరో వచ్చి తేల్చారా?

ఈ మూడు ప్రశ్నలు మీ ఇంట్లో కూడా అడగండి. సినిమా బహిష్కరించమని నేను అనట్లేదు. పోస్టర్లు చించమని అసలే అనట్లేదు. టికెట్టు కొని, అమ్మానాయనల్ని తీసుకుపోయి, ఈల వేసి, ఏడ్చి, నవ్వి రండి. కానీ బయటికొచ్చాక టీ తాగుతూ అయినా మాట్లాడుకోండి. మీ ఇంట్లో బడికి పోయే చిన్నపిల్లలు ఉంటే వాళ్లతో తప్పకుండా మాట్లాడండి. ఎందుకంటే మరుసటి రోజు బడిలో ఆ సినిమా భారం మోసేది వాళ్లే.

"మన సినిమా ఎవరు తీస్తారు, డబ్బులెక్కడివి" అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. 2023లో బలగం గుర్తుందా? స్టార్ లేడు, ఫైట్ లేదు. ఒక ఇంట్లో చావు, పిట్టకి పెట్టడం, అన్నదమ్ముల అలక. సిరిసిల్ల మనిషి తన ఊరి మాటల్లో తీశాడు. తెలంగాణ ఊళ్లలో నడి వీధిలో తెర కట్టి జనం కూర్చుని చూశారు, పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. మన చావు పాట, మన భూమి పండుగ, మన పెళ్లి పంచాయితీ అంతకంటే తక్కువ కథలా? కేరళలో పణియ భాషలో కెంజిర అనే సినిమా తీశారు, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఇరుల భాషలో ధబారి కురువి అనే సినిమా మొత్తం ఆదివాసులే నటించారు. జార్ఖండ్‌లో బిజు టొప్పో అనే ఆదివాసీ దర్శకుడు ఏళ్ల తరబడి కెమెరా పట్టి తిరుగుతున్నాడు. మరి కోయలో, గోండిలో, కువిలో మనం ఎప్పుడు తీస్తాం?

పెద్ద సినిమా రేపే తీయమని కాదు. పోయిన ఎండాకాలం సెలవులకి మా చెల్లి ఇంటికొచ్చింది. ఇప్పుడు ఆశ్రమ పాఠశాలకి మారింది. మా తాత తేనె తీయడానికి పోతుంటే వెంటపడి నా ఫోన్లో తీసింది. పొగ ఎట్లా పెట్టాలి, పట్టు ఎంత కోయాలి, ఎంత వదిలేయాలి, ఎందుకు వదిలేయాలి అని తాత కోయలోనే చెప్తుంటాడు. ఆరు నిమిషాలు. కెమెరా ఊగుతూ ఉంటుంది, మధ్యలో కుక్క అడ్డం వస్తుంది. రాత్రి ఇంట్లో అందరం ఫోన్ని గోడకి ఆనించి చూశాం.

అయిపోయాక అలవాటు ప్రకారం అమ్మ వైపు చూశా. ఏ ప్రశ్నా వేయలేదు. "మళ్లీ పెట్టవే" అంది.

మీ ఫోన్లో కూడా అట్లాంటి ఆరు నిమిషాలు ఉండాలి. తాతలు ఉన్నప్పుడే తీయండి.

జై ఆదివాసీ!